నోటీసు అందింది, జీతం పడిపోయింది

పిల్లల మనోవర్తి కేసులో ఫ్యామిలీ కోర్టు పంపే నోటీసుకున్న శక్తి రిజర్వు బ్యాంకుకు కూడా లేదు. పోస్ట్‌మాన్ దాన్ని చేతిలో పెట్టి సంతకం తీసుకునేలోపే తండ్రిగారి జీతం సగానికి పడిపోతుంది. రెండో వాయిదాకు ఉద్యోగమే ఉండదు. మూడో వాయిదాకల్లా కారు బావగారిది, ఫ్లాటు అమ్మగారిది, వ్యాపారం తమ్ముడిది అయిపోతాయి. తానేమో ఆ తమ్ముడి దగ్గరే పదిహేను వేలకు లెక్కలు రాసుకునే గుమాస్తా.

ఇదే మనిషి పెళ్లి సంబంధాలు చూసేనాడు ఎంత పలికాడో మధ్యవర్తిని అడగండి. ప్యాకేజీ ఇరవై నాలుగు లక్షలు. గ్రాట్యుటీ, కంపెనీ కట్టే బీమా, వస్తుందో రాదో తెలియని బోనసు, అన్నీ అందులోనే. పైగా షాద్‌నగర్ దగ్గర రెండు ప్లాట్లు, ఊళ్లో ఆరెకరాల మాగాణి. హోం లోన్ దరఖాస్తు నింపేటప్పుడు ఇంకాస్త పెరిగాడు, పై వాటా అద్దె కూడా కలిపి. కూతురి స్కూలు ఫీజు దగ్గరికొచ్చేసరికి మాత్రం "నాకే గడవడం లేదు సార్" అంటాడు. పెళ్లివారికొక ఆదాయం, బ్యాంకుకొక ఆదాయం, బిడ్డకొక ఆదాయం.

మరి ఆదాయమంటే ఏమిటి? ఈ తండ్రుల శాస్త్రం ప్రకారం జీతంలోంచి ఇంటి ఈఎంఐ, కారు ఈఎంఐ, ఎల్‌ఐసీ, చిట్టీ, సొసైటీ లోను, చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తీసేయగా మిగిలేది. ఈఎంఐ తీరితే ఇల్లు ఆయనదే, చిట్టీ పాడుకుంటే ఆ డబ్బూ ఆయనదే. అయినా ఇవన్నీ ఖర్చులట! ముందు ఆస్తి కొనుక్కోవాలి, తర్వాత పొదుపు చేసుకోవాలి, ఇంకా ఏమైనా మిగిలితే అది బిడ్డ అన్నంలోకి. ఈ వాదన మొన్న పుట్టింది కాదు. 1970లోనే ఒక డాక్టరుగారి కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. ఆదాయపు పన్ను తీసేయొచ్చు, తప్పనిసరిగా కట్టాల్సిన ప్రావిడెంట్ ఫండ్ తీసేయొచ్చు, ఇంటి అద్దె, కరెంటు బిల్లు మాత్రం కుదరవంది. కారు ఖర్చు కూడా వైద్యవృత్తి కోసం పన్ను శాఖ ఒప్పుకున్నంత వరకేనంది. ఆ తీర్పును ఎన్ని కేసుల్లో ఉదహరించినా కారు ఈఎంఐ మాత్రం ఈనాటికీ అఫిడవిట్ ఎక్కుతూనే ఉంది.

భార్య మనోవర్తికి నికర జీతంలో 25 శాతం సబబని 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అన్నది. పిల్లలకు ఇంత అని చెప్పే పట్టిక మన చట్టంలో లేదు. అయినా ఆ పాతిక శాతం ప్రతి తండ్రికీ నోటికొచ్చు. శాతాన్ని తగ్గించడం జడ్జిగారి చేతిలో పని. నికరాన్ని తగ్గించడం తన చేతిలో పని!

టెక్సాస్‌లో స్థిరపడ్డ మనవాళ్లకు పాపం ఈ వెసులుబాటు తక్కువ. ఒక బిడ్డకు నికర వనరుల్లో 20 శాతం, ఇద్దరికి 25 శాతం అని అక్కడి ఫ్యామిలీ కోడ్ మామూలు లెక్క కట్టిపెట్టింది. ఓవర్‌టైం, బోనసు, వడ్డీ, అద్దెలతోపాటు బహుమతులు కూడా అందులోకే వస్తాయి. కావాలనే తక్కువ సంపాదిస్తున్నాడని తేలితే, సంపాదించగలిగిన దాని మీద కట్టించే అధికారం కోర్టుకుంది.

పొలం సంగతి ఇంకా ముచ్చట. వ్యవసాయాదాయానికి ఆదాయపు పన్ను లేదు కనుక రిటర్నులో సున్నా చూపించి "చూడండి సార్, సర్కారే ఒప్పుకుంది" అనొచ్చు. తెలంగాణలో రైతు భరోసా (ఒకప్పటి రైతుబంధు) డబ్బు పడిన రోజున పాస్‌బుక్కు తనదే. కోర్టు మెట్లెక్కిన రోజున ఆ భూమి తాతగారిది, పంపకాలు కాలేదు, ఐదేళ్లుగా వానల్లేవు. ఇలాంటివాళ్ల కోసమేనేమో, 2020 నవంబరులో రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు వ్యవసాయం చేయనివాళ్లకొక అఫిడవిట్, వ్యవసాయదారులకు వేరే అఫిడవిట్ తయారు చేసి ఇచ్చింది. భూమి ఎంత, తరియా మెట్టా, ఏ పంట అనే కాదు, గేదెలు, మేకలు, కోళ్ల లెక్క కూడా చెప్పాలి. గేదె వట్టిపోయిందని రాసే తండ్రులు ఉండనే ఉంటారు, అది వేరే సంగతి.

ఇక తల్లి విషయానికొస్తే సూత్రం తిరగబడుతుంది. "ఆవిడ ఎంటెక్ సార్, నెలకు లక్ష సంపాదించగలదు" అంటారు. ఆవిడ పట్టా చూస్తే ఆదాయం కనిపిస్తుంది, తన పే స్లిప్ చూస్తే కనిపించదు. పసిబిడ్డను చూసుకోవడానికి ఆవిడ ఉద్యోగం మానేస్తే సోమరితనం, నోటీసు అందిన వారానికి ఆయన రాజీనామా చేస్తే మానసిక ఒత్తిడి.

ఆడవాళ్లు అవసరాలు పెంచి రాయరా అంటారా? రాస్తారు. భార్య అవసరాలను పెంచి చెప్పడం, భర్త ఆదాయాన్ని దాచడం రెండూ ఉన్నాయని ఆ 2020 తీర్పే ఒప్పుకుంది. తల్లి నిజంగా సంపాదిస్తుంటే ఆమె కూడా భరించాల్సిందే. ఇద్దరూ ఉద్యోగులైన ఒక కేసులో 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు పిల్లల ఖర్చును తండ్రికి రెండు పాళ్లు, తల్లికి ఒక పాలుగా పంచింది. అవసరాలు పెంచి రాస్తే బిల్లులు అడిగి కోతపెట్టొచ్చు. దాచిన జీతానికి బిల్లులెక్కడ దొరుకుతాయి?

అందుకని జడ్జిగార్లకు ఒక మనవి. తండ్రి ఇచ్చిన పే స్లిప్పుతో సరిపెట్టుకోకుండా, ఆయన గత మూడేళ్లలో ఏ బ్యాంకులో అప్పుకు దరఖాస్తు పెట్టుకున్నా దాన్ని తెప్పించండి. మగవాడు తన ఆదాయం గురించి పత్రాలు పెట్టి మరీ గొప్పలు పోయేది అక్కడే.

తండ్రులకూ ఒక కబురు. ఆ 2020 తీర్పు ప్రకారం మనోవర్తి లెక్క దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మొదలవుతుంది, ఎన్ని వాయిదాలు తీసుకున్నా సరే. ఒళ్లు బాగున్నవాడు కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. కట్టకపోతే జైలు. ఆ జైలు డబ్బు రాబట్టడానికే తప్ప మాఫీ చేయడానికి కాదని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. లోపలికెళ్లి వచ్చినా బాకీ పైసా తగ్గదు.