బొమ్మలు గీసి బతకదలచినవారికి

ముందు ఊరు ఎంచుకోండి. హైదరాబాద్‌లో ఉంటే ఆర్టిస్టు అంటారు, ఎక్కువ అడుగుతాడేమోనని దూరం జరుగుతారు. నల్లగొండలోనో పాలమూరులోనో ఉంటే మీరు ‘బొమ్మలేసే పిలగాడు’. జుట్టు నెరిసినా పిలగాడే. పిలగాడికి చాయ్ తాగిస్తే సరిపోతుంది.

రేటు మీ నోటితో చెప్పకండి. "మీ ఇష్టం సార్" అనండి. ఆయన ఇష్టం మేరకే ఆ నెల గడపండి.

మీ మొదటి గిరాకీ కవి. సొంత జీతంతో పుస్తకం వేసుకుంటాడు పాపం. ప్రెస్సుకు, కాగితానికి, బైండింగుకు, ఆవిష్కరణ నాటి భోజనాలకు లెక్క తేలాక మీ దగ్గరికొస్తాడు. "తమ్మీ, సింపుల్‌గ ఉండాలె" అని మొదలుపెడతాడు. "ఎండిన చెట్టు, నెర్రెలిచ్చిన నేల, వలసపోయే తల్లి, సంకల బిడ్డ, ఎనక పొద్దు పొడుస్తుండాలె. జర కృష్ణమ్మ గూడ కనవడాలె." నెర్రెలు గీయడం బాగా సాధన చేయండి. ఈ రెండు జిల్లాల్లో అంతకుమించి అక్కరకొచ్చే విద్య లేదు. సాగర్ ఎడమ కాలువ కింద, కల్వకుర్తి ఎత్తిపోతల కింద వరి పండి, వడ్లు ఆరబోసే జాగ లేక రైతులు రోడ్డెక్కనీయండి, అట్ట మీది చేలల్లో మాత్రం చుక్క నీరు కనిపించకూడదు. పచ్చగా గీశారో, "ఇది మన దిక్కు లెక్క లేదే, కోనసీమ లెక్కున్నది" అని తిప్పి పంపుతారు.

ప్రతిఫలంగా పది కాపీలు, ఒక శాలువా. శాలువాలు జాగ్రత్తగా మడతపెట్టి దాచండి. కిరాణా కొట్టువాడు తీసుకోడు గానీ, వచ్చే సభలో ఇంకొకరికి కప్పడానికి నిర్వాహకులు అడిగి పట్టుకెళ్తారు.

ఖాళీ రోజుల్లో స్కెచ్‌లు వేయాలి. (ఖాళీ రోజులకు లోటుండదు.) మహబూబ్‌నగర్ బస్టాండులో పుస్తకం తెరిచి కూర్చోండి. ఎదురుగా ఉన్న అవ్వ ముఖంలోని ముడతలు మీరు పట్టుకునేలోపే ఆమె మిమ్మల్ని పట్టుకుంటుంది: "సర్వేనా బిడ్డా? నా పింఛను ఆగింది, జర రాసుకో." కాదవ్వా, బొమ్మ గీస్తున్నా అనండి. "బొమ్మ గీస్తే పింఛనొస్తదా?" దీనికి జవాబు ఏ ఆర్ట్స్ కాలేజీలోనూ చెప్పరు. మాట్లాడకుండా ఆమె పేరు, ఊరు రాసుకోండి. ఆశతో కదలకుండా కూర్చుంటుంది, బొమ్మ పూర్తవుతుంది. ఇంటికెళ్లాక ఆ పేరును ఏం చేయాలన్నది మీరూ మీరూ తేల్చుకోండి.

పిల్లలమర్రి జోలికి పోకండి. ఊడల మీద ఊడలు, పెన్సిళ్లు అరుగుతాయి. పైగా ఆ చెట్టు ముందు మీ ఊహ చాలదు. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మందెక్కించారు. ఏడాది ముందు అదే బొమ్మ గీసుకెళ్లి ఉంటే, "మరీ అతి" అని ఎడిటర్ పక్కన పెట్టేవాడు.

ఇక సంతకం. పెట్టకండి. చేయి ఆగకపోతే బైండింగు కటింగులో ఎగిరిపోయే అంచున పెట్టండి. పోచంపల్లిలో గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి డిజైన్లు గీసేవాళ్లు ఎన్నడైనా చీరంచున పేరేసుకున్నారా? 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరికి. కదిరేనిగూడెం చేనేత ఇంట పుట్టిన ఏలె లక్ష్మణ్ ఎన్ని తెలుగు పుస్తకాలకు అట్టలు వేశారో! 2014లో తెలంగాణ రాజముద్ర గీసిందీ ఆయనే. కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్న ఆ బొమ్మ సర్కారు కాగితాల మీద ఊరూరా తిరిగింది. కాగితం చేతబట్టుకున్నవాడు కింద సంతకం ఏ ఆఫీసరుదని చూస్తాడు. పైన బొమ్మ ఎవరిదని ఎందుకు చూస్తాడు?

హక్కులన్నీ రాసిచ్చినా ‘ఇది నేను గీసింది’ అని చెప్పుకునే హక్కు మాత్రం గీసినవాడికే ఉంటుందని 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి గిరాకీ దగ్గర ఎత్తకండి. మళ్లీ రాడు.

పేరు రావాల్సిందేనని పట్టుబడితే చాలా దూరం పోవాలి. నల్లగొండ బిడ్డ శంకర్ గీసిన మండేలా క్యారికేచర్‌కు 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చింది. మీరూ అంత పని చేస్తే, మీ గల్లీలో "ఏం పని జేస్తడు?" అని అడగడం మానేస్తారు. "గవర్నమెంటు జాబు రాలేదా ఇంక?" అంటారు.

పుట్టినరోజు ఫ్లెక్సీల గురించి చెప్పేదేం లేదు. నాయకుడి తల పెద్దగా, అనుచరుల తలలు వరుసగా, ఎవరి తలా ఎవరి తల కంటే చిన్నది కాకుండా. కొట్లాట మీ మీదికి రాకుంటే అదే లాభం.

ఇప్పుడు ఏఐ వచ్చింది, భయపడకండి. కవిగారు ఫోన్లో తనే బొమ్మ చేసుకుని మీకు వాట్సాప్ పెడతాడు: నెర్రెలు, పొద్దు, తల్లి, అన్నీ ఉంటాయి, తల్లి చేతికి ఆరు వేళ్లుంటాయి. "జర చెయ్యి సక్కజేసియ్యి తమ్మీ." వేలికి వంద చొప్పున ఆరు వందలు చెప్పండి. "తీసేది ఒక్క వేలే గదనే" అంటాడు. వందకు ఒప్పుకోండి.