మోర్ సాల్ట్ సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం: అన్నా, మోర్ సాల్ట్‌కి వి1ఎమ్1 = వి2ఎమ్2 వేశా. 0.1 వచ్చింది. ఫ్రెండ్‌కి 0.02 అంట. రేపే ప్రాక్టికల్స్. ప్లీజ్, అర్జెంట్.

అవతారిక: ఇంటర్ రెండో ఏడాది కుర్రాడొకడు రాత్రి పదింటికి, ఇంజనీరింగ్ చదువుతున్న పెదనాన్న కొడుక్కి పంపిన వాట్సాప్ సందేశమిది. కాళిదాసు కావ్యంలో మేఘుణ్ణి బతిమాలుకున్న యక్షుడికి శాపం తీరడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. ఇతడికి తెల్లారేదాకానే వ్యవధి. మెదక్ సీమ వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అంత పెద్ద మాట ఇవ్వలేడు.

ప్రతిపదార్థం: అన్నా = ఫీజు తీసుకోని ట్యూషన్ మాస్టారా; మోర్ సాల్ట్‌కి = ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌కు (మోర్ అనగా 1855లో టైట్రేషన్ల మీద గ్రంథం రాసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు; ఈ రాత్రికి ఆయన కూడా కొంత బాధ్యుడే); వి1 = బ్యూరెట్‌లోంచి దిగిన పొటాషియం పర్మాంగనేట్, 10.0 మిల్లీలీటర్లు; ఎమ్1 = దాని మోలారిటీ, తెలియనిది; వి2 = పిపెట్‌తో తీసిన మోర్ సాల్ట్ ద్రావణం, 20 మిల్లీలీటర్లు; ఎమ్2 = దాని మోలారిటీ, 0.05; వేశా = అంకెలు వేసితిని, ఈక్వేషన్ మాత్రం రాయలేదని భావం; ప్లీజ్ = పాదపూరణం; అర్జెంట్ = యూట్యూబ్ కూడా చూసి విసిగితిని.

అధ్యాహారం: మూలంలో పైకి కనిపించని రెండు పదాలను తెచ్చి కలుపుకుంటే తప్ప ఈ వాక్యానికి అన్వయం కుదరదు. అవి ఎన్1, ఎన్2, అనగా బ్యాలెన్స్ చేసిన ఈక్వేషన్‌లో ఆ రెండు పదార్థాల మోళ్ల సంఖ్యలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేసేటప్పుడు మోలుకు మోలు సరి. దేన్ని ఒకటితో భాగించినా మారదు కనుక ఆ రెండు అక్షరాలూ సూత్రంలోంచి జారిపోతాయి, ఎవరికీ నష్టం ఉండదు. కుర్రాడు ఆ అలవాటుతోనే మోర్ సాల్ట్ దగ్గరికి వచ్చాడు. ఇక్కడ పర్మాంగనేట్‌లోని మాంగనీసు +7 నుంచి +2కి దిగాలంటే ఐదు ఎలక్ట్రాన్లు కావాలి. ఫెర్రస్ అయాన్ ఫెర్రిక్‌గా మారుతూ ఇచ్చేది ఒక్కటే. కాబట్టి ఒక పర్మాంగనేట్‌కు ఐదు ఫెర్రస్‌లు. ఇరవైని 0.05తో హెచ్చించి, ఐదుతో భాగించి, ఆపైన పదితో భాగిస్తే 0.02. ఫ్రెండ్‌ది ఒప్పే. అదే ఆగ్జాలిక్ ఆమ్లమైతే ఒక్కో అణువు రెండేసి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, అప్పుడు లెక్క రెండుకు ఐదు.

అన్న వెంటనే జవాబు పంపలేదు. "ఈక్వేషన్ బ్యాలెన్స్ చేసి ఫొటో పెట్టు" అన్నాడంతే. పూర్తి చేసిన తన పాత రికార్డు ఫొటోలు పంపేసి పడుకునే అన్నలే లోకంలో ఎక్కువ కాబట్టి ఈ ఒక్క వాక్యం ప్రత్యేకంగా గమనించదగ్గది.

మతభేదం: ఇంతలో కుర్రాడి తండ్రి కళ్లజోడు సవరించుకుని రికార్డులోకి తొంగి చూశాడు. ఆయనది నార్మాలిటీ సంప్రదాయం. "0.1 కరెక్టే కదరా!" అన్నాడు. హాస్యానికి కాదు, ఆయన మాటకు ప్రమాణం ఉంది. నార్మాలిటీ వారు పర్మాంగనేట్ అణుభారం 158ని ముందే ఐదుతో భాగించి, తుల్యభారం 31.6 అని పక్కన పెట్టుకుంటారు. ఆ తర్వాత వి1ఎన్1 = వి2ఎన్2లో (ఇక్కడ ఎన్ అంటే నార్మాలిటీ) అంకెలు వేస్తే అచ్చంగా 0.1 వస్తుంది. దాన్ని 31.6తో హెచ్చిస్తే లీటరుకు 3.16 గ్రాములు. మోలారిటీ వారు 0.02ను 158తో హెచ్చించినా అదే 3.16. ఐదుతో ఒకరు ముందు భాగించారు, ఒకరు తర్వాత భాగించారు. కుర్రాడు అసలు భాగించనే లేదు. తనకు వచ్చిన 0.1 పక్కన ఎమ్ రాస్తే తప్పు, ఎన్ రాస్తే ఒప్పు. మూలంలో ఏదీ లేదు. యూనిట్లు రాయనివాడి లెక్కను వ్యాఖ్యాత ఎటు కావాలంటే అటు సమర్థించవచ్చు.

పాఠాంతరాలు: రికార్డులో మూడు రీడింగులూ 10.0, 10.0, 10.0 అని ఉన్నాయి. మొదటి దాని కింద చెరిపిన 10.4 లీలగా కనిపిస్తోంది. మొదటిసారి అంచనాగా చేసినది కాస్త ఎక్కువ రావడం సహజం, దాన్ని చెరపనక్కర్లేదు. తర్వాతి రెండూ కలిస్తే చాలు. ఫ్రెండ్ ప్రతిలో 10.03 అనే పాఠం ఉంది. 0.1 మిల్లీలీటరు గీతలున్న బ్యూరెట్‌లో ఆ చివరి అంకెకు గీత లేదు, కంటి అంచనాయే కనుక అది ప్రక్షిప్తం. పర్మాంగనేట్ చిక్కటి ఊదారంగు, ద్రవం కింది వంపు సరిగా కనబడదు, పై అంచునే చదవాలి.

ఉత్తర సందేశం: "థాంక్సన్నా. హెచ్‌సీఎల్ వేసినా పర్లేదా? ఇండికేటర్ ఏంటి?"

మొదటి ప్రశ్న వైవాలో తప్పకుండా వచ్చేదే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే పర్మాంగనేట్‌లో కొంత క్లోరైడ్‌ను క్లోరిన్‌గా మార్చడానికే ఖర్చయి రీడింగ్ పెరుగుతుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఫెర్రస్‌ను ఆక్సీకరిస్తుంది, రీడింగ్ తగ్గుతుంది. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లమే గతి. రెండో ప్రశ్నకు అన్న పంపిన జవాబు: "ఏదీ వద్దు, పర్మాంగనేటే ఇండికేటర్. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే ఆపు."

ఆపు = బ్యూరెట్ నాబ్ కట్టివేయుము; మెసేజీలు కూడా చాలింపుమని శ్లేష.