ఆరోగ్యార్థి

విద్య కోరేవాడు విద్యార్థి, శరణు కోరేవాడు శరణార్థి. రెండు రోజుల ఆరోగ్యం కోసం ముందుగా డబ్బు కట్టి కొండెక్కేవాడికి నిఘంటువుల్లో ఇంకా మాట పడలేదు కనుక ఆరోగ్యార్థి అంటే సరిపోతుంది. నలభై అయిదుకీ అరవై అయిదుకీ మధ్య వయసు. పుట్టింది నక్కపల్లి చుట్టుపక్కల ఏదో ఊళ్ళో, స్థిరపడింది హైదరాబాదులో. కూర్చుని చేసే ఉద్యోగం, లిఫ్టున్న అపార్టుమెంటు. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటాడు. షుగరు మాత్రం ఇంకా రాలేదట, బోర్డర్లో ఉందట. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో సరిహద్దు కాపలా జవాను గాంభీర్యం పలుకుతుంది. ఈ తెగలో ఆడవాళ్ళూ ఉన్నారు గాని, రెండు పూటలు వంట చెయ్యక్కర్లేదన్న ఒక్క కారణానికే వాళ్ళ ఒంట్లో సగం నలత తగ్గిపోతుంది. అందుచేత వాళ్ళ సంగతి వేరు.

ఆరోగ్యార్థి కనబడే కాలం కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. నర్సీపట్నం దాటి ఘాటెక్కితే లంబసింగి, ఆపైన చింతపల్లి. ఆ పక్కన పాడేరు వైపు మేఘాలు కాళ్ళ కింద కనిపించే వంజంగి కొండ. అక్కడి తోటల్లో గుడారాలు వేసి నడక, పథ్యం వంట, యోగం కలిపి నడిపే శిబిరాలు ఇతనికి తగిన తావు. రైల్లో వచ్చేవాడికి మొదటి పరీక్ష నర్సీపట్నం రోడ్డు స్టేషన్లోనే ఎదురవుతుంది. పేరులో నర్సీపట్నం ఉంది గాని ఊరు అక్కడ లేదు. పేరు చివరున్న ‘రోడ్డు’ అన్న మాటను నమ్ముకుని మిగతా దూరం రోడ్డు మీదే పోవాలి. కారున్నవాడు శుక్రవారం రాత్రి నక్కపల్లిలో తల్లి దగ్గర పడుకుని, తెల్లవారకుండానే అడ్డరోడ్డు మలుపు తిరుగుతాడు.

ఆ మలుపు రాకముందు రెండు దృశ్యాలు దాటాలి. ఎడమ పక్క ఉపమాక, గరుడాద్రి మీద వేంకటేశ్వరుడు. మొక్కున్నవాళ్ళు చెప్పులు విడిచి ఆ మెట్లెక్కుతారు, ఎన్ని మెట్లెక్కామో వాచీ చూసుకోరు. చిన్నప్పుడు ఆరోగ్యార్థి కూడా కల్యాణాల రోజుల్లో ఆ కొండ మీదికి పరుగులు పెట్టినవాడే. ఇప్పుడు అద్దంలోంచి దణ్ణం పెట్టి, ఇంకో కొండెక్కడానికి పోతాడు. కుడి పక్క, సముద్రం వైపు, 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన బల్క్ డ్రగ్ పార్కు స్థలం. సుమారు 2,000 ఎకరాల్లో మాత్రలకు ముడిసరుకు తయారవుతుంది. మాత్రలు తప్పించుకోవడానికి బయలుదేరిన మనిషి తన సొంత మండలంలోనే మాత్రల పుట్టింటిని దాటుకుని పోవలసి రావడం చిన్న ఇబ్బందే. ఆ పార్కు వస్తే తమ వేట ఏమైపోతుందని రాజయ్యపేట మత్స్యకారులు ఆందోళనకు దిగినప్పుడు అతను ఊళ్ళో లేడు. గాలి మార్పు కోసం కొండల్లో ఉన్నాడు.

ప్రకృతి చికిత్స తెలుగువాళ్ళకు కొత్తదేమీ కాదు. జర్మనీలో లూయీ కూనే రాసిన చికిత్సా గ్రంథాన్ని 1894లోనే వెంకటచలపతి శర్మ తెలుగు చేశాడు. ఈ దేశంలో ప్రకృతి చికిత్సా ఉద్యమానికి మొదలు అదేనంటారు. మట్టిపట్టీలనూ కూనే తొట్టి స్నానాలనూ గాంధీ తన ఒంటి మీదే ప్రయోగించి చూసుకుని, 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ఆశ్రమమే పెట్టించాడు. ఆరోగ్యార్థికి ఈ పేర్లతో పని లేదు. అతని చదువంతా యూట్యూబులో జరిగింది. మంతెన సత్యనారాయణరాజు ప్రసంగాలు విన్న రోజుల్లో ఉప్పు, నూనె, పంచదార మానేశాడు. వీరమాచనేని రామకృష్ణ పద్ధతి ఊరంతా పాకినప్పుడు అన్నం మానేసి కొబ్బరినూనె తాగాడు. ఖాదర్ వలీ మాటలు చెవిన పడ్డాక కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు డబ్బాలకెత్తి పేర్ల చీటీలు అంటించాడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది, అదే ఏడు ఖాదర్ వలీకి పద్మశ్రీ వచ్చింది. ఆ రెండూ తన డబ్బాల మహిమేనన్నంత సంబరపడ్డాడు. ఈ పద్ధతుల్లో ఏదో ఒకటి పట్టుకుని నిలిచినవాళ్ళూ ఉన్నారు. ఇతడు మాత్రం ప్రతిదాంట్లోంచీ సులువైన ముక్క ఏరుకున్నాడు. రామకృష్ణ వద్దన్న ధాన్యాన్ని ఖాదర్ వలీ పేరు చెప్పి తింటాడు, సత్యనారాయణరాజు వద్దన్న నూనెను రామకృష్ణ పేరు చెప్పి పోసుకుంటాడు.

శిబిరంలో గంట అయిదింటికి కొడతారు. గోరువెచ్చటి నీళ్ళు కడుపు నిండా తాగించిన తర్వాత జరిగేది ఇక్కడ రాయదగ్గది కాదు, ఆరోగ్యార్థులు మాత్రం భోజనాల దగ్గర ఒకరికొకరు దాన్నే వివరంగా చెప్పుకుంటారు. తర్వాత కళ్ళ మీదా పొట్ట మీదా మట్టిపట్టీలు. పొలంలో ఇదే మట్టి కాళ్ళకంటుతుందని తండ్రి భూమిని కౌలుకిచ్చినవాడు, పట్టీ తడారిపోతోందని ఇక్కడ ఫిర్యాదు చేస్తాడు. ఆసనాలన్నిటిలోనూ అతనికి బాగా పట్టుబడేది శవాసనం. గురువు ‘ఇక లేవండి’ అన్నాక కూడా అందులోనే ఉండిపోగలడు, గుర్రు ఒక్కటే అతను ప్రాణాలతో ఉన్నట్టు చెబుతుంది.

పథ్యం వంట తరగతి చూడవలసింది. మొలకలు, ఆవిరి మీద ఉడికిన చిలగడదుంప, సామల కిచిడీ, మునగాకు పొడి, బూడిదగుమ్మడి రసం. కిచిడీలో ఉప్పు లేదు, ఆ లోటు ఉపన్యాసంతో పూడుస్తారు. ముద్దను ముప్పై రెండు సార్లు నమలాలన్నది నియమం. ఆరోగ్యార్థి శ్రద్ధగానే లెక్క మొదలుపెడతాడు. లెక్క పద్దెనిమిది దగ్గర ఉండగా వంటింటి వెనక నుంచి పనివాళ్ళ కోసం వేపుతున్న ఎండు నెత్తళ్ళ వాసన వస్తుంది. పంక్తిలోని తలలన్నీ పొద్దుతిరుగుడు పువ్వుల్లా ఒక్కసారిగా అటు తిరుగుతాయి. తిరిగి లెక్క ఒకటి నుంచి. ఈ భోజనంలో సారం లేదనడం తప్పు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములైనా ఉండదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. తిండిదేం తప్పు లేదు. చిక్కల్లా ఆరోగ్యార్థి సంచి అడుగున, సాక్సుల మడతలో దాచిన మాగాయ సీసాతోనే.

నడక రెండోనాడు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని అదే సంస్థ లెక్క కట్టింది. ఆ నిమిషాలను ఆరోగ్యార్థి వారాలకు పంచుకోడు. కరెంటు బిల్లు బకాయిలా మూడు నెలలవి పోగేసి ఒక్క ఆదివారం పొద్దున తీర్చేస్తాడు. అందుకు తగ్గ సరంజామా ఉంటుంది: చీలమండ దాటే బూట్లు, రెండు మడత కర్రలు, రాగి సీసా, అడుగులు లెక్కపెట్టే వాచీ. దారి చూపే కుర్రాడికి రబ్బరు చెప్పులు ఉంటాయి, అవీ ఎక్కువసేపు చేతిలోనే. ‘ఇంకెంత దూరం బాబూ?’ అంటే ‘ఇక్కడేనండి’ అంటాడు. ఏజెన్సీలో ‘ఇక్కడే’ అన్న మాట ఒక గంట నడక.

లంబసింగికి మరో పేరు కొర్రబయలు. చలికి బయట నిలబడితే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఆరోగ్యార్థి దాన్ని కొర్రలు పండే బయలుగా అర్థం చేసుకుని, సిరిధాన్యాల చరిత్ర మీద తోటివాళ్ళకు ప్రసంగం చేస్తాడు. ఎదురు చెప్పేంత ఊపిరి ఎవరికీ ఉండదు కనుక అది సిద్ధాంతంగా నిలిచిపోతుంది. అసలు ఆయాసం వచ్చినప్పుడల్లా అతనికి చరిత్రే గుర్తొస్తుంది. మొదటి మలుపులో ఆగి 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడిన సంగతి చెబుతాడు. రెండో మలుపులో 23న కృష్ణదేవిపేట, మూడో మలుపులో 24న రాజవొమ్మంగి. నాలుగో మలుపుకు స్టేషన్లు అయిపోతాయి, ఆయాసం మాత్రం అయిపోదు.

పైకి చేరాక అందరినీ కళ్ళు మూసుకుని చెట్లను పీల్చమంటారు. జపాన్ అటవీ శాఖ 1982లో దీనికి అడవి స్నానమని పేరు పెట్టి ప్రచారం చేసింది. ఆరోగ్యార్థి కళ్ళు మూసుకున్న ఆ పదిహేను నిమిషాల్లోనే అడ్డాకుల కట్టలతో, పసుపు మూటలతో గిరిజన స్త్రీలు పక్కనుంచి సంతకు దిగిపోతారు. వాళ్ళకు అది స్నానమని ఎవరూ చెప్పలేదు. మౌనం పాటించే ఈ కార్యక్రమంలో ఒక్క సెల్‌ఫోను మాత్రమే మాట్లాడుతుంది. అది ఎప్పుడూ ఆరోగ్యార్థిదే.

దిగాక సంత. గిరిజన సహకార సంస్థ తేనె రెండు సీసాలు కొని, నిజమైనదేనా అని ఆ సీసాలనే అడుగుతున్నట్టు ఎండలో తిప్పి చూస్తాడు. రాగులున్నాయా అంటే అమ్మే ఆవిడకు అర్థం కాదు. ‘చోళ్ళా?’ అంటుంది. తాను పుట్టిన ప్రాంతపు మాట తనకు ఒకరు అనువదించి చెప్పవలసి వచ్చినందుకు ఒక్క క్షణం తడబడి, ‘ఆర్గానిక్కేనా?’ అని తేరుకుంటాడు. తిరుగు దారిలో మాడుగుల హల్వా అరకిలో కట్టించుకుంటాడు. గోధుమపాలు, నెయ్యి కనుక అందులో ప్రకృతికి విరుద్ధమైనది ఏమీ లేదని, పైగా అది ఇంట్లోవాళ్ళకని, అడక్కుండానే చెబుతాడు. నక్కపల్లి చేరేసరికి పావుకిలో మిగులుతుంది.

శిబిరం వాళ్ళు ముద్ర వేసి ఇచ్చిన రాగి పిండి పొట్లాన్ని తల్లి చేతిలో పెడతాడు. ఆవిడ చిటికెడు నాలిక మీద వేసుకుని, ‘చోడిపిండే కదరా’ అంటుంది. ధర చూడదు, చూసినా ఆవిడకు ముద్రణ దోషమనే అనిపిస్తుంది. మర్నాడు పొద్దున అంబలి కాచి, గంజి కలిపి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ పక్కన పెట్టి ఇస్తుంది. ఆరోగ్యార్థి గ్లాసు ఎత్తిన చెయ్యి దించకుండా తాగేస్తాడు. శిబిరంలో ఇదే పిండి, మరి అక్కడ ఈ రుచి ఎందుకు రాలేదో అంతు చిక్కదు. రెండో గ్లాసు కూడా ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాక, ‘అమ్మా, ఇందులో ఉప్పేశావా?’ అని అడుగుతాడు.