కణుజు కొమ్ము ఆత్మకథ

కోరుట్ల పరిసరాల్లోని ఒక పాత గడిలో, అంటే దొర నివాసమూ కచేరీ ఒకే ప్రహరీలో ఉండే భవంతిలో, నడవ గోడకు బిగించి ఉన్న ఈ కొమ్ము తన చరిత్రను ప్రథమపురుషలోనే చెప్పుకుంటుంది. ఎందుకంటే ఆ చరిత్రలో దాని ప్రమేయం తక్కువ, దాన్ని మోసిన భుజాల ప్రమేయం ఎక్కువ.

కొమ్ము పుట్టింది కణుజు తలపై. సాంబర్ అని కూడా పిలిచే కణుజు మన అడవుల్లోని జింకజాతులలో పెద్దది. ఎదిగిన మగది రెండు వందల కిలోలు దాటుతుంది. ఆవు కొమ్ము ఎముక మీద గోరుపదార్థం తొడుగుకొని జీవితాంతం నిలిచేది కాగా, కణుజు కొమ్ము పూర్తిగా ఎముకే, పైగా కాలం తీరగానే రాలి మళ్లీ మొలిచేది. మొలిచే రోజుల్లో నెత్తురు పారే మెత్తని నూగుచర్మం దాన్ని కప్పి ఉంచి పోషిస్తుంది. ఎదుగుదల పూర్తయ్యాక ఆ చర్మం ఎండిపోతే, కణుజు చెట్ల మొదళ్లకు రాసి దాన్ని ఊడగొట్టుకొని, మూడు కొనల గట్టి కొమ్ముతో జతకట్టే కాలానికి సిద్ధమవుతుంది. అడవిలో రాలిన కొమ్ములను సున్నపు ధాతువుల కోసం ఏదుపందులు కొరికి తింటాయి గనుక అవి తిరిగి అడవిలోనే కలిసిపోతాయి. గోడ మీది ఈ కొమ్ముకు ఆ గతి పట్టలేదు: రాలిన కొమ్ముకు అడుగున గరుకైన గుండ్రని మొదలు మాత్రమే ఉంటుంది, దీనికి మాత్రం పుర్రె ఎముక ఇంకా అంటుకొని ఉండటం వల్ల, ఇది ఏరుకొచ్చినది కాదని, ప్రాణం తీసి తెచ్చినదని చూడగానే తెలుస్తుంది.

ఆ ప్రాణం పోయింది గోదావరి దక్షిణపు ఒడ్డున ఉన్న టేకు అడవుల్లో, 1948లో నిజాం పాలన ముగియక ముందు. అప్పుడు అడవి సర్కారుది, వేట హోదాది; ఇప్పుడు అభయారణ్యంగా ఉన్న పోచారం కూడా ఒకప్పుడు నిజాం వేటస్థలమే. పెద్దల వేట హాంకా పద్ధతిలో సాగేది, అంటే డప్పులతో, కేకలతో అడవిని ఒక వైపు నుంచి కలియదొక్కి, జంతువును మంచె మీద తుపాకీతో కూర్చున్నవాడి ముందుకు తోలేవారు. కూలి లేకుండా బలవంతంగా చేయించుకునే చాకిరీ అయిన వెట్టి, దొరల పొలాలకూ, అధికారుల పర్యటనల సామాన్లకూ, ఇలాంటి వేటలకూ ఒకేలా వర్తించేది. కాబట్టి ఈ కొమ్ము వెనుక తుపాకీ ఒకరిదైతే, కణుజు జాడ పట్టిందీ, దాన్ని లేపిందీ, కళేబరాన్ని మోసి బండికెత్తిందీ మరొకరు. కీర్తి మాత్రం గోడ మీదికి చేరింది.

దీనికి భిన్నంగా, అమెరికాలోని కొలరాడో వంటి పర్వత రాష్ట్రాలలో, కణుజుకు దూరపు బంధువైన ఎల్క్‌ను ప్రభుత్వ అడవుల్లో సామాన్యులు సొంతంగా వేటాడే ఆచారం ఉంది. అక్కడ రాష్ట్రం ఇచ్చే అనుమతి చీటీ, నిర్ణీత రుతువు, సంఖ్యాపరిమితి ఉంటాయి. దారీతెన్నూ లేని లోపలి అడవిలో గైడు లేకుండా తిరిగి, పడగొట్టిన జంతువును అక్కడే కోసి, మాంసాన్ని పలుమార్లు వీపున మోసుకొని బయటికి తేవడం వేటగాడి వంతే, తినదగిన మాంసాన్ని వదిలేసి రావడం నేరం. అందుచేత అక్కడ ఎంత దూరం పోవాలన్నది తుపాకీ పరిధి కాక మోయగల బలం నిర్ణయిస్తుంది. ఇక్కడ మోసేవాడు వేరు గనుక, వేటకు ఆ హద్దు లేకపోయింది.

హద్దు మరో దిక్కు నుంచి వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కణుజును పెద్ద వేటజంతువుల జాబితాలో చేర్చి, లైసెన్సు ఉంటేనే వేటాడవచ్చని మొదట నిర్దేశించగా, 1991 సవరణ ఆ లైసెన్సులనే రద్దు చేసింది. ఆ చట్టానికీ ఆ సవరణకూ మధ్యకాలంలోనే, 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల సభ జైత్రయాత్రగా పేరుపొందింది. వెట్టిని, దొరల పెత్తనాన్ని ఎదిరించిన ఆ ఉద్యమాన్ని అణచేందుకు అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఏళ్లలో చాలామంది దొరలు పట్నాలకు తరలిపోవడంతో గడులు ఖాళీ అయ్యాయి. ఈ కొమ్ము దుమ్ము పట్టి మిగిలిపోయింది.

నేడు గోదావరికి ఉత్తరాన 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్‌లో కణుజులు ఉన్నాయి, చట్టమూ ఉంది; అయినా ఊళ్ల అంచుల్లో ఉచ్చులూ కరెంటు తీగలూ పూర్తిగా పోలేదు. తీగ బిగించినవాడు ఇంట్లో నిద్రపోతుండగా తీగే జంతువును చంపుతుంది, ఒక్కోసారి దారిన పోయే మనిషినీ చంపుతుంది. దొర వేట శ్రమను వెట్టివాడి మీద వేస్తే, తీగ వేట ప్రమాదాన్ని దారిన పోయేవాడి మీద వేస్తున్నది. వేటను తూచవలసిన తూకం ధైర్యం కాదు, దాని భారం ఎవరి మీద పడుతున్నదన్నదే. వేటాడినవాడే ఆ భారం మొత్తం మోయని చోట, అడవి ఎవరి పేరున ఉన్నా, నిషేధమే తక్కువ అన్యాయమైన మార్గం.