సీరియల్ కథా విభాగం వారికి శంషాబాద్ ప్రేక్షకుల విన్నపం

మహారాజశ్రీ డైలీ సీరియళ్ల కథా విభాగాధిపతి గారి దివ్యసముఖమునకు,

విషయం: మా ఊహలు మీ కథలో కలుస్తున్నందుకు సంతోషం, సగమే కలుస్తున్నందుకు అభ్యంతరం.

అయ్యా,

2022లో 'కార్తీకదీపం' సీరియల్లో హీరోయిన్ వంటలక్కనూ హీరో డాక్టర్ బాబునూ చంపేశారు. ఇంటింటా మైల పట్టినంత పనైంది. వాళ్లు లేని సీరియల్ మాకెందుకన్నాం. అదే ఏడాది ఇద్దరూ బతికొచ్చారు. 1893లో షెర్లాక్ హోమ్స్‌ను జలపాతం పాలు చేసిన కానన్ డాయల్‌కు, పాఠకుల పోరు పడలేక అతణ్ని మళ్లీ బతికించడానికి పదేళ్లు పట్టింది. మీరు నెలల్లోనే దిగివచ్చారు. ధన్యులం.

ప్రేక్షకులు తలుచుకుంటే కథ సాగుతుందని 1988లోనే తేలింది. దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' పట్టాభిషేకంతో ఆగిపోతుందనగానే, వాల్మీకిని తమవాడిగా కొలుచుకునే పారిశుద్ధ్య కార్మికులు ఉత్తరాదిన సమ్మెకు దిగారు. లవకుశుల కథ కూడా తెర మీదికి రాక తప్పలేదు.

అయితే జనం చేసేది గోల ఒక్కటే కాదు. వదినను ఒంటరిగా అడవిలో వదిలి లక్ష్మణుడు ఏ కాపలా లేకుండా ఎలా వెళ్లాడు? ఈ అనుమానం తీర్చడానికి జనమే లక్ష్మణుడి చేత గీత గీయించారు. వాల్మీకిలో లేని ఆ గీత రంగనాథ రామాయణంలోకి ఎక్కింది, సాగర్ సీరియల్లోకీ ఎక్కింది. వ్యాసుడికి తెలియని శశిరేఖను అభిమన్యుడికి పెళ్లి చేసింది కూడా మన కథకులూ నాటకాలవాళ్లే. 1957లో 'మాయాబజార్' వచ్చాక ఆ పెళ్లి జరగలేదంటే నమ్మేవాడు లేడు.

ఇక మా ఊరి సంగతి. 2008లో ఇక్కడ ఎయిర్‌పోర్టు తెరిచిన దగ్గర్నుంచీ అమెరికా వెళ్లిపోయే మీ హీరోలందరూ మా మీదుగానే పోతున్నారు. వాళ్లను ఆపడానికి హీరోయిన్ పరుగున వచ్చి సరాసరి విమానం దాకా వెళ్లిపోతుంది. మొన్న బస్టాప్ దగ్గర టీ కొట్లో టీవీలో అలాంటి ఎపిసోడే నడుస్తోంది. టెర్మినల్లో ఊడ్చే పని చేసే ఒక అక్క గ్లాసు పక్కన పెట్టి అడిగింది: "టికెట్ లేకుండ లోపటికి ఎట్ల పోయింది? సీఐఎస్ఎఫోళ్లు నిద్రపోతున్నరా?"

పక్కనున్న క్యాబ్ డ్రైవర్ నవ్వి, "సీరియల్ గదక్కా, పోనియ్యి" అన్నాడు.

"ఎందుకు పోనియ్యాలె? డోరు కాడ ఆపాలె. అద్దంల నుంచి ఆయన పోతుంటె ఈమె చూడాలె. పిలిస్తె ఇనపడొద్దు. గప్పుడు గదా ఏడుపొచ్చేది!"

కొట్లో ఎవరూ కిక్కురుమనలేదు. అయ్యా, ఆ అద్దం అవతల సాగనంపి ఏడ్చేవాళ్లను ఆమె రోజూ చూస్తోంది. మీ రచయితకు దొరకని సన్నివేశం ఆమెకు దొరికింది.

మా ఫిర్యాదు ఇదే. మేం ఫలానా పాత్ర కావాలని అరిస్తే వెంటనే తెచ్చిస్తారు, ఎందుకంటే అరుపు టీఆర్పీలో కనపడుతుంది. అది ఎలా బతికిందో, లోపలికి ఎలా వెళ్లిందో మేం ఆలోచించి చెబితే మీకు వినపడదు. లక్ష్మణరేఖ నిలిచింది జనం అడిగినందుకు కాదు, అది కథలోని చిల్లు పూడ్చినందుకు.

కనుక మా కోరికలు మూడు. చచ్చిన పాత్రను బతికిస్తే ఎలా బతికిందో చెప్పండి. హీరోయిన్‌ను ఎయిర్‌పోర్టు డోరు దగ్గర ఆపండి. మా అమ్మపల్లి గుడి కోనేటి మెట్లను చూపించి ఎపిసోడ్‌కో ఊరని చెప్పకండి. ఆ మెట్లు మాకు సినిమాల్లోనే కంఠతా వచ్చేశాయి.

పేర్లలో 'కథాసహకారం: ప్రేక్షకులు' అని వేయమని అడగం. మా అరుపులు వాడుకున్నట్టే మా ఆలోచనలూ వాడుకోండి, చాలు. డబ్బులు కూడా అడగం.

ఇట్లు,
రోజూ ఏడున్నరకు టీవీ ముందుండే
శంషాబాద్ ప్రేక్షకులు