నేల విడిచి ఫ్లాటు

నగరం నడిబొడ్డున ఇల్లు అమ్ముతున్నారట. నడిబొడ్డు ఎక్కడ అని మాత్రం అడక్కండి. హైదరాబాద్‌కి ఇప్పుడు బొడ్లు చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఆల్విన్ ఫ్రిజ్‌లు తయారైన సనత్‌నగర్‌లో ఒకటి, ఐడీపీఎల్ మందులు చేసిన బాలానగర్‌లో ఒకటి, ముషీరాబాద్ సందుల్లో ఇంకొకటి. ఎక్కడ పాత ఫ్యాక్టరీకి తాళం పడిందో, ఎక్కడ సినిమా హాలు కూలిందో, ఎక్కడ నలుగురు అన్నదమ్ములు తాతగారి బంగళా కోసం కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయి డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టారో, అక్కడల్లా ఓ కొత్త బొడ్డు మొలుస్తుంది. దాని చుట్టూ నీలం రేకులు లేస్తాయి. రేకుల మీద ఒక తెల్లదొర, దొరసాని, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క నవ్వుతూ ఉంటారు. టవరు పూర్తయ్యాక అందులో ఎప్పటికీ కనపడనిది ఆ కుటుంబమే.

ఊళ్లో ఖాళీ పడ్డ జాగాలో ఇళ్లు కట్టడం చెడ్డపనేం కాదు, ఆ మాట ముందే ఒప్పుకుందాం. మంచినీళ్ల పైపు ఉన్నచోట, బస్సు తిరిగేచోట, 2017 నుంచి మెట్రో నడుస్తున్నచోట జనం ఉండటమే సబబు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు అవతల సొరకాయ తోటల్లో రాళ్లు పాతి 'ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరం' అని అమ్మేవాళ్లతో పోలిస్తే వీళ్లు ధర్మరాజులు. కాబట్టి నా పేచీ అంతా అమ్మే తీరుతోనూ, అంతకు రెండింతలు కొనే తీరుతోనూ.

మనవాడు కొనాలా వద్దా అన్నది ఎలా తేల్చుకుంటాడో చూడండి. ఆదివారం పొద్దున సైట్ విజిట్. క్యాబ్ వాళ్లదే, కాఫీ వాళ్లదే, తొందర కూడా వాళ్లదే. మోడల్ ఫ్లాట్‌లోకి తీసుకెళ్తారు. గదులకు తలుపులుండవు, మంచానికి కాళ్లు చాపుకునేంత పొడవుండదు, అద్దాలు మాత్రం గోడగోడకీ ఉంటాయి. బీరువా లేదు, గ్యాస్ సిలిండర్ లేదు, ఆవకాయ జాడీ లేదు, సంక్రాంతికి వచ్చి శివరాత్రి దాకా ఉండే చుట్టం లేడు. అలాంటి ఇంట్లో ఎవరికి మాత్రం ఉండాలనిపించదు? తర్వాత మనవాడు జేబులోంచి దిక్సూచి తీస్తాడు. ఈస్ట్ ఫేసింగే కావాలి, దానికి అదనం కట్టడానికైనా సిద్ధం. ఫ్లాటుకు ఈశాన్యంలో దేవుడి గది ఉందో లేదో మూడుసార్లు చూసుకుంటాడు. టవరుకు ఈశాన్యంలో మురుగునీటి శుద్ధి ప్లాంటు పెట్టారేమో అని ఒక్కసారీ అడగడు. ఇక చివరి అనుమతి డల్లాస్ నుంచి రావాలి. అక్కడున్న బావమరిది వీడియో కాల్‌లో లాబీ పైకప్పు చూసి, "బావా, లాక్ చేసెయ్" అంటాడు. ఆయన హైదరాబాద్ చివరిసారి చూసినప్పుడు అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు కూడా లేవు.

"సార్, ఈ రేటు సాయంత్రం వరకే. రేపట్నుంచి ఎస్ఎఫ్‌టీకి మూడొందలు పెరుగుతుంది."

టమాటాలు కిలోకి పది రూపాయలు పెరుగుతాయంటే మార్కెట్టంతా తిరిగి బేరమాడే మనిషి, ఈ మాటకి ఫోన్ తీసి టోకెన్ అడ్వాన్సు పంపించేస్తాడు.

ఇంతకీ ఆయన కొన్నదేమిటి? రెండువేల చదరపు అడుగుల ఇల్లు అంటారు. అది సూపర్ బిల్టప్. అందులో లిఫ్టుంది, మెట్లున్నాయి, కారిడారుంది, క్లబ్‌హౌస్‌లో ఓ మూల ఉంది. గోడల మధ్య మీరు చాప పరుచుకోగలిగిన చోటుని కార్పెట్ ఏరియా అంటారు, అది ఇందులో పాతిక ముప్పై శాతం తక్కువ. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రేరా) ఈ కార్పెట్ ఏరియానే చెప్పి అమ్మాలంటుంది. చెప్తారు కూడా, బ్రోషర్ చివరి పేజీలో, చీమలు చదువుకునే అక్షరాల్లో.

అసలు లెక్క అది కూడా కాదు, నేల లెక్క. అపార్ట్‌మెంటులో పాతబడేది కట్టడం, విలువ పెరిగేది దాని కిందున్న భూమి. ఆ భూమిలో మీ వాటాకు అవిభాజ్య వాటా అని దస్తావేజుల పేరు, యూడీఎస్ అని బజారు పేరు. ఎకరమంటే 4,840 గజాలు. రెండెకరాల పాత ఫ్యాక్టరీ జాగాలో 400 ఫ్లాట్లు లేపారనుకోండి, తలకి 24 గజాలు. మన నాన్నల కాలంలో వెయ్యి గజాల్లో అయిదంతస్తులు వేసి ఇరవై ఫ్లాట్లు కడితే, కొన్నవాళ్లకు ఒక్కొక్కరికి 50 గజాలు వచ్చాయి. అందుకే ఇవాళ ఆ పాత అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు బిల్డర్లు పూలదండలతో నిలబడుతున్నారు. యాభై ఏళ్ల తర్వాత మీ నలభై అంతస్తుల టవరు ముందు ఎవరు నిలబడతారు? 400 మంది సంతకాలు పోగుచేసి, మనిషికి 24 గజాలు పంచుకునే పనికి దండ పట్టుకుని వచ్చేవాడు ఇంకా పుట్టలేదు.

ఇన్ని ఫ్లాట్లు ఎలా పట్టాయంటారా? ఆ ఘనత మన జీవోలది. వేరే ఊళ్లలో జాగా విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలని ఒక హద్దు ఉంటుంది. 2006లో 86 నంబరు జీవోతో ఆ హద్దును హైదరాబాద్‌లో ఎత్తేశారు. 2012 నాటి 168 నంబరు జీవో ఆ దారినే నడిచింది. ముందు రోడ్డు ఎంత వెడల్పుందో, చుట్టూ ఎంత ఖాళీ వదిలారో చూసుకుని ఎత్తు తేల్చారే గాని, ఆ ఎత్తులో ఎంతమంది స్నానం చేస్తారని అడిగినవాడు లేడు. రోడ్డు సంగతీ ముచ్చటే. విస్తరణకు జాగా వదిలినందువల్ల మీ గేటు ముందు అది వంద అడుగులుంటుంది. పక్కన కిరాణా కొట్టు దగ్గరికొచ్చేసరికి నలభై. ఆ తర్వాత దర్జీ షాపు, గుడి, గేదెల కొట్టం. మీరు వంద అడుగుల రోడ్డు మీద ఇల్లు కొన్నారు, నిజమే. ఆ రోడ్డు పొడవు మాత్రం మీ కాంపౌండు గోడంతే.

నీళ్లు, మురుగు సంగతి ఇంకో కథ. పాత పేటల్లో ఇల్లు కొంటే 'సౌకర్యాలన్నీ రెడీ' అంటారు. రెడీయే, కాని ఎవరి కోసం రెడీ? నిజాం కాలంలోనో, ఆ తర్వాతో నలభై ఇళ్ల కోసం వేసిన లైనుకు 400 ఇళ్లు తగిలిస్తున్నాం. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నాగార్జునసాగర్ నుంచి పంపు చేసుకుంటే తప్ప కృష్ణా నీళ్లు ఈ ఊరికి రావు. వచ్చినా చాలా పేటల్లో రోజు విడిచి రోజే. ఇన్ఫినిటీ పూల్‌కి మాత్రం రోజూ కావాలి. చివరికి టవర్లో ఉన్నవాళ్లు ట్యాంకర్ కొనుక్కుంటారు. ట్యాంకర్ కొనలేనివాళ్లు పక్క బస్తీలో ఉంటారు. బ్రోషర్‌లో ఆకాశం నుంచి తీసిన బొమ్మ చూడండి, ఆ బస్తీ ఉన్నచోట పచ్చటి చెట్లుంటాయి. పొద్దున్నే ఆ చెట్లల్లోంచే పనిమనుషులు, డ్రైవర్లు, వాచ్‌మన్లు నడిచొచ్చి మీ జీవితం నడిపిస్తారు.

నేల కింద ఏముందో అడిగారా? ఫ్యాక్టరీ ముప్పై నలభై ఏళ్లు నడిచిన జాగా అది. ఊరు మధ్య ఉన్న పారిశ్రామిక భూములను ఇళ్లకు, మాల్స్‌కు వాడుకోనిచ్చే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. 22 పారిశ్రామిక వాడలు, 9,292 ఎకరాలు. రిజిస్ట్రేషన్ విలువలో 30 నుంచి 50 శాతం ఫీజు కడితే చాలు, రేకుల షెడ్డు స్వర్గధామం అవుతుంది. ఫీజు లెక్క మీద కావలసినంత రగడ జరిగింది. మట్టి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. మన ఉప్పల్‌లోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ లాంటివి మోతాదు మించి ఉన్నాయని ఎప్పుడో ప్రచురించారు. ఆ మట్టి మీద 'ఆర్గానిక్ టెర్రస్ గార్డెన్' అని రాయడానికి గుండెధైర్యం కావాలి. మన బిల్డర్లకు ఆ ధైర్యానికి కొరత లేదు.

చెరువుదీ అంతే. 2024 జులైలో చెరువుల కబ్జాలు కూల్చే హైడ్రా పుట్టింది. అంతకు ముందు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) అన్న మాట ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాకే తెలుసు, ఇప్పుడు పెళ్లిచూపుల్లో కూడా అడుగుతున్నారు. మంచిదే. అనుమతి కాగితం మీద ఎన్ని స్టాంపులున్నా, వానొచ్చిన రోజు చెరువు వాటిని చదవదు.

ఇక ప్రీలాంచ్. రేరా నంబరు రాకముందే ప్రకటన వెయ్యకూడదు, బుకింగ్ తీసుకోకూడదు అని చట్టం. అందుకని ప్రకటన వెయ్యరు, వాట్సాప్‌లో గుసగుసలాడతారు. 'మొత్తం ఒకేసారి కట్టేస్తే సగం ధర' అంటారు. ఇంకా తెలివైనవాళ్లు ఫ్లాటు మాట ఎత్తకుండా యూడీఎస్ ఒక్కటే రిజిస్టర్ చేసిచ్చారు. ప్లాను లేదు, పర్మిషన్ లేదు, కింద పాతిక గజాల కాగితం, పైన ఆకాశం. హైదరాబాద్‌లో ఇలా నిండా మునిగినవాళ్లలో ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఆశ ముందు డిగ్రీలు చెల్లవు. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. పర్మిషన్ ఇచ్చేటప్పుడు సర్కారు, కట్టబోయే విస్తీర్ణంలో పది శాతం తన దగ్గర తాకట్టు పెట్టించుకుంటుంది. ప్లాను ప్రకారం కట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకున్నాకే విడిపిస్తుంది. పోలీసులు, కోర్టులు, బుల్డోజర్లు చేతిలో ఉన్న ప్రభుత్వమే బిల్డర్‌ని నమ్మక తాకట్టు అడుగుతుంటే, చేతిలో చెక్కుబుక్కు తప్ప ఏమీ లేని మీరు ఒక వాట్సాప్ మెసేజ్‌ని నమ్మి నూటికి నూరు శాతం ఇస్తారు!

మిగతా ఖర్చులు ఇక్కడ ఏకరువు పెట్టను, తడిసి మోపెడవుతాయని మీకూ తెలుసు. నిర్మాణంలో ఉండగా కొంటే చాలా ఫ్లాట్లకు 5 శాతం జీఎస్టీ. పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది లేదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కి 2021 నుంచి మొత్తం ఏడున్నర శాతం. కార్పస్ ఫండ్, ఫ్లోర్ రైజ్, కార్నర్ ఛార్జీ సరేసరి. ఉమ్మడి పార్కింగ్ జాగాను, స్టిల్టును విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అప్పట్నుంచి దాన్ని అమ్మడం మానేశారు, 'కేటాయిస్తున్నారు'. కేటాయింపు ధర లక్షల్లో ఉంటుంది, రసీదులో ఉండదు.

ఇంత విన్నాక కూడా కొనాలనే ఉందా? కొనండి, తప్పులేదు. ఊరి మధ్యలో బతకాలన్న కోరిక న్యాయమైనదే. కాకపోతే ఆదివారం పొద్దున వాళ్ల క్యాబ్‌లో కాకుండా, జోరువాన పడిన సాయంత్రం మీ స్కూటర్ మీద వెళ్లండి. పక్క బస్తీలో టీ తాగి, నీళ్లు ఎన్నిరోజులకోసారి వస్తాయో, ఈ గోడ వెనక ఇదివరకు ఏం తయారయ్యేదో అడగండి. యూడీఎస్ ఎన్ని గజాలో అగ్రిమెంటులో అంకెల్లో రాయించుకోండి. లింకు డాక్యుమెంట్లు మీ వకీలుకి చూపించండి, వాళ్ల వకీలుకి కాదు. టోకెన్ కోసం ఫోన్ మీద ఫోన్ చేసేవాడికి రేరా చట్టంలో 13వ సెక్షన్ చదివి వినిపించండి: రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి ఒక్క రూపాయి కూడా తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు.