పూతసూత్రమునకు లఘుటీక

మూలము: "పూత రాలతందా? మందు కొట్టు."

అవతారిక: గుంటూరు సీమలో మిరప నాటిన నెలన్నరకు, కన్నులపండువుగా విచ్చిన తెల్లని పూత మూడునాళ్లలో సాళ్ల పాలు కాగా, ఒక రెమ్మ విఱిచి చేతబట్టుకొని మందుల దుకాణము మెట్లెక్కిన రైతునకు, దుకాణదారుడు లెక్కల పుస్తకమునుండి తలయెత్తకయే యుపదేశించిన సూత్రమిది. అల్పాక్షరమగుట స్పష్టము, సారవంతమగునా యనునదియే విచార్యము.

ప్రతిపదార్థము: పూత = మిరపపూల సమూహము; రాలతందా = తొడిమతో గూడ నూడిపడుచున్నదా; మందు = సీసాలోని ద్రవము; కొట్టు = పిచికారి చేయుము. చివరి రెండు పదములకు లోకప్రసిద్ధమగు వేఱొక యర్థమును కొందఱు రసికులు చెప్పుదురు గాని, యది ప్రకరణవిరుద్ధము. మిర్చి ధర పడిన నాడు మాత్రము సంగతము కావచ్చును.

వ్యాఖ్య: రాలుట యను క్రియకు కర్త యెవరు? గాలి యని పూర్వపక్షము. అది నిలువదు, పూతను విడిచిపెట్టునది మొక్కయే. పగటి యెండ 35 డిగ్రీలు దాటినను, రాత్రియు 24 డిగ్రీలకు దిగకున్నను, నల్లరేగడిలో వాననీరు నిలిచి వేళ్లకు గాలి యాడకున్నను, లేదా బొత్తిగా పదును తప్పినను, మొక్కలో ఎథిలీను వాయువు హెచ్చి, పూవునుండి దిగవలసిన ఆక్సిను హార్మోను తగ్గి, తొడిమ మొదటనున్న సన్నని కణముల పొర తనంతట విడివడును. యూరియా మితిమీరినచో మొక్క యాకు వేయుటయందే నిమగ్నమై పూతను ఉపేక్షించును.

ఇంతకన్న సూక్ష్మమగు విషయ మొకటి కలదు. పుప్పొడి మొగ్గదశలోనే, పూవు విచ్చుటకు సుమారు రెండు వారముల ముందే, వేడిమికి చెడును. కర్మకును కాలాంతరమున గలుగు ఫలమునకును నడుమ మీమాంసకులు 'అపూర్వము'ను అంగీకరించిరి గదా. నాటి యెండకును నేటి రాలుటకును నడుమ నిలిచిన యపూర్వము ఈ వంధ్యపరాగమే. కావున రెమ్మ చేతబట్టుకొని 'నిన్న యేమి జరిగినది?' యని తర్కించు రైతు వెదకవలసినది గడచిన పక్షమును.

ఇక మందు. అది నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లము, అనగా కృత్రిమమగు ఆక్సిను. నాలుగున్నర లీటర్ల నీటికి 1 మి.లీ. చొప్పున కలిపినచో తొడిమ పట్టు నిలుపును. నిలుపును గాని, రాత్రిని చల్లబఱుపదు, చేనిలోని నీటిని తోడదు, చెడిన పుప్పొడికి ప్రాణము పోయదు. పైగా ఆపిలు తోటలలో పిందెలను పలుచన చేయుటకును ఈ ద్రవ్యమునే వాడుదురు గనుక, 'ఇంకొక మూత ఎక్కువ పోసిన నేమి?' యను ఔదార్యము ఇచట నిషిద్ధము.

తాత్పర్యము: నీరు నిలిచినచో మురుగుకాలువ తీయుము, పదును ఆఱినచో తేలికగా తడి పెట్టుము, యూరియా బస్తా మూతి విప్పకుము, ఆ పిమ్మట, మూలకారుని కోరిక మేరకు, మందు.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో సూత్రాంతమున "ఖాతాలో రాస్తాలే" యని అధికపాఠము. ప్రక్షిప్తమని శంకింపవచ్చును గాని, నేను చూచిన లెక్కల పుస్తకము లన్నిటియందును ఇది వడ్డీతో సహా కన్పట్టుచున్నది.